గిన్నెలో మిగిలింది

"పారేయవయ్యా," అన్నాడు డాక్టరు, స్టెతస్కోపు మెడలో వేసుకుంటూ. "మిగిలిన అన్నం చెత్తబుట్టలో పారేస్తే అన్నం ఒక్కటే పోతుంది. కడుపులో పారేస్తే నువ్వూ పోతావు."

దర్జీ లేచి కూచుని చొక్కా గుండీలు పెట్టుకోబోయాడు. ఊరందరి చొక్కాలూ సరిచేసే మనిషి, తన పొట్ట దాటించి గుండీని కాజా దాకా తీసుకురాలేకపోయాడు.

పారేయడమంటే మాటలా? వాళ్లమ్మ నేలమీద పడ్డ మెతుకుని ఊదుకుని నోట్లో వేసుకునే మనిషి. ఆవిడ పెంపకంలో పెరిగినవాడికి గిన్నెలో ముద్ద మిగిలితే నిద్ర పట్టదు. ఆ ఇంటి చెత్తబుట్టలో కూరగాయల తొక్కలు తప్ప ఇంకోటి పడ్డ పాపాన పోలేదు. ఈగలు ఆ గుమ్మం దాకా వచ్చి, ఉసూరుమంటూ పక్కింటికి పోయేవని వీధిలో చెప్పుకునేవారు. ఆయన కూడా పొట్టమీద తట్టుకుని, మా ఇంటి చెత్తబుట్ట ఇదిగో అని నవ్వేవాడు.

ఈ ఏడాది ఆ నవ్వు కాస్తా వికటించింది. ఆయన చొక్కా ఆరేస్తే కొట్టు ముందు పందిరి వేసినట్టు నీడ పడుతోంది. నాలుగు మెట్లెక్కితే కొలిమితిత్తిలా రొప్పుతున్నాడు. గుండె అలిసిపోయిందనీ, ఇలాగే తింటే వచ్చే చలికాలం చూడవనీ డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. దర్జీకి చావంటే భయం లేదు. పిల్లా జెల్లా లేని ఇల్లు. తను పోతే కట్టుకున్న మనిషికి దిక్కెవరు? అదీ ఆయన దిగులు.

ఆ మనిషి పక్కనే కూచునుంది, ఆయన స్వయంగా కుట్టిపెట్టిన నీలం పూల గౌను వేసుకుని, మీద శాలువా కప్పుకుని. ఈయన్ని ఏ విషయంలోనూ కంగారు పెట్టొద్దనీ, ఆ గుండె తట్టుకోదనీ డాక్టరు ఆవిడకి చెప్పాడు. ఆవిడ తలూపింది. దగ్గింది. మంచినీళ్లడిగి గుక్క గుక్కగా తాగింది.

"మీకెలా ఉందమ్మా?" అన్నాడు డాక్టరు.

"నాకేం డాక్టరుగారూ. గుండ్రాయిలా ఉన్నాను."

దారి పొడుగునా దర్జీ సణిగాడు. తప్పంతా నీ చేతిదే, ఇద్దరికి వండమంటే పెళ్లివారికి వండుతావు అన్నాడు. నిజమేనంది ఆవిడ. రేపట్నుంచి తగ్గిస్తానంది.

తగ్గించింది కూడా. డబ్బాతో కొలిచే బియ్యాన్ని గ్లాసుకి దించింది. అయినా మిగిలింది. గ్లాసుని తలకొట్టి పోసింది. అయినా మిగిలింది. ఇది గిన్నె కాదు, ఊటబావి అనుకున్నాడు దర్జీ. పొద్దుటిది రాత్రికి దాస్తే, రాత్రిది కూడా మిగిలి, రెండూ కలిసి ఆయన మొహంలోకే చూసేవి.

ముందు గదే కొట్టు, వెనక వంటిల్లు. ఒకసారి ఇద్దరూ కలిసి భోజనానికి లేస్తే ఎవరో మహానుభావుడు ఖాతాదారు కోటు తొడుక్కుని చక్కాపోయాడు. అప్పట్నుంచీ వంతులే. ముందు ఆవిడ తినొచ్చేది, తర్వాత ఆయన లేచేవాడు. ఆయన వెళ్లేసరికి ఆవిడ కంచం కడిగి బోర్లించి ఉండేది. గిన్నెలో అన్నం ఉండేది.

"నువ్వు తిన్నావా?" అనేవాడు.

"సుబ్బరంగా."

"మరి ఇదేంటి?"

"కాస్త అటూ ఇటూ అయిందండీ."

దర్జీ చెత్తబుట్ట వంక చూసేవాడు. డాక్టరు గుర్తొచ్చేవాడు. ఆ వెనకే అమ్మ గుర్తొచ్చేది. అమ్మ ముందు డాక్టరెంత? తినేసేవాడు.

పనిలోనూ వాళ్లకి వంతులే. బట్టలు వదులు చేయడం ఆయనది, బిగించడం ఆవిడది. ఈమధ్య ఆవిడ మిషను పక్కన గౌన్ల దొంతర పెరుగుతోంది. ఎవరివని అడిగితే, వీధి చివర టీచరమ్మవంది. పాపం తిండి తగ్గించిందట, నెలనెలా చిక్కిపోతోందట.

కుట్టు విప్పాలన్నా వేయాలన్నా బట్టని తిరగేయాలి. అందుకే దర్జీ కంటికి లోకమంతా లోపలివైపే కనిపిస్తుంది. ఆయన ఆ వెలిసిన లోపలివైపుల్ని చూసి, నోరు కట్టుకోవడమంటే అదీ, ఆవిణ్ణి చూసి నేర్చుకోవాలి అనేవాడు. నేర్చుకోండి అంటూ భార్య తల వంచుకుని కుట్టుకునేది. వేలి ఉంగరానికి దారం చుట్టి ఉంటే, దర్జీ పెళ్లానికి దారమే నగ అని వేళాకోళం చేశాడు. ఆవిడ నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆవిడ భోజనానికి లేచి వెళ్లిన కాసేపటికి టీచరమ్మ వచ్చింది. గుమ్మంలో కాస్త పక్కకి తిరిగి మరీ లోపలికొచ్చింది. చేతిలో గౌను బల్లమీద పడేసింది.

"చంకల దగ్గర పట్టేస్తోందన్నా. కాస్త వదులు చేసిపెట్టు."

"వదులా? మీవన్నీ బిగిస్తున్నాంగా?"

"నావా? ఏడాదైంది నీ గుమ్మం తొక్కి. నా ఒళ్లు చూసి ఎగతాళా అన్నా?"

ఆవిడ నవ్వుకుంటూ వెళ్లిపోయింది. దర్జీ ఆ గౌనుని పక్కకి జరిపాడు. తర్వాత భార్య మిషను మీదున్న గౌనుని తీసుకున్నాడు. లోపలివైపు, పక్కల్లో కుట్టు పక్కన కుట్టు, దాని పక్కన మరో కుట్టు, ఒక్కో వరుసా లోపలికి జరుగుతూ వచ్చింది. చివరికి నడుం బడిపిల్లకి సరిపోయేటంత మిగిలింది.

వంటింట్లో కంచం కడుగుతున్న చప్పుడు.

"తిన్నావా?" అన్నాడు.

"ఆఁ, తిన్నానండీ. ఇవాళ కూడా కాస్త మిగిలింది. పారేయకండి."

ఆయన గౌనులోకి చెయ్యి పెట్టి తిరగేశాడు.

పైకి వచ్చినవి తన భార్య నీలం పూలు.