మానేశాక పడిన కూలి

గణేష్ భుజం మీద కొత్త వల చూసినప్పటి నుంచీ గిరిబాబుకి అన్నం సయించడం లేదు.

నీలం రంగు వల. ఇంకా మడతలు కూడా పోలేదు. సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసిందో లేదో, గణేష్ దాన్ని జువ్వలదిన్నె రేవంతా చూపించుకుంటూ తిరిగాడు. "మా ఆడమనిషి కూలి డబ్బుల్తో కొన్న్యా. ఇంక ఎవురి బోటులోనూ కూలికి పొయ్యేది లేదు" అన్నాడట. ఆ మాట చెవిన పడగానే గిరిబాబుకి ఒళ్ళు భగ్గున మండింది.

గణేష్ పెళ్ళాం స్వర్ణ అయిదారు నెలల కిందటి దాకా రొయ్యల షెడ్డులో పనిచేసింది. అక్కడ రొయ్యలు వలిచే ఆడవాళ్ళకి కూలి పంచేది గుమాస్తా గిరిబాబే. ప్రతి శనివారం తన ఫోన్లోంచే అందరికీ పంపుతాడు. రెండేళ్ళపాటు స్వర్ణ వలిచిన తట్టలు లెక్కపెడుతూ, మనసులో మాట ఈ వారం చెబుదాం, వచ్చే వారం చెబుదాం అనుకుంటూనే గడిపేశాడు. ఈలోగా ఆమె గణేష్‌ని చేసుకుని పని మానేసింది.

ఏం చూసి చేసుకుందో! ఒక చిన్న ఫైబర్ పడవ, ఉప్పునీళ్ళకి ఎర్రబారిన జుట్టు, నవ్వితే నాలుగిళ్ళకి వినపడే గొంతు. అంతేగా ఆ గణేష్. గిరిబాబు డిగ్రీ చదివాడు. ఇస్త్రీ చొక్కా లేందే గడప దాటడు.

ఆదివారం పొద్దున్నే ఆ ఇస్త్రీ చొక్కాతోనే వాళ్ళింటికి వెళ్ళాడు.

"రా గిరన్నా, కూచో" అంది స్వర్ణ. ఆ 'అన్నా' అతనికి చెంపదెబ్బలా తగిలింది.

గణేష్ చద్దన్నం తింటున్నాడు. ఆమె చేప ముక్కకి ముళ్ళు తీసి మరీ అతని కంచంలో వేస్తోంది. గిరిబాబు చూపు తిప్పుకున్నాడు.

"నువ్వు మానేసినాక గూడా నాలుగు నెలలు నీకు కూలి పడింది. ఇరవై వేలు. పొరపాటున పడింది. వెనక్కి ఇచ్చెయ్యాల."

స్వర్ణ బిత్తరపోయింది. "నేనప్పుడే అడిగినా గదన్నా! ఉండనీలే, ఓనరు బోనసు ఇస్తుండాడని నువ్వే గదా చెప్పినావు?"

"నాకప్పుడు తెలీలా. ఇప్పుడు లెక్క చూస్తే బయటపడింది."

గణేష్ చెయ్యి కడుక్కుని లేచాడు. "ఏందబ్బా ఇది? మీరే ఇచ్చి మీరే అడిగేదేంది? మేమేమన్నా దొంగతనం చేసినామా? ఆ డబ్బు పెట్టే వల కొన్న్యాం. అది అమ్మితే మళ్ళా ఇంకోడి బోటులో కూలికి పోవాల నేను. పద, పెద్దోళ్ళ కాడ తేల్చుకుందాం. మీ ఓనర్ని గూడా పిలిపిద్దాం."

గిరిబాబు ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా గొంతు పెంచాడు. "పిలిపించు. పని చెయ్యకుండా కూలి తిన్న్యారని ఊరంతా చెప్పుకుంటే మీకే మర్యాద!"

స్వర్ణ మొహం పాలిపోయింది. మొగుడి చెయ్యి పట్టుకుంది. "వద్దు మామా. చెయ్యని పనికి కూలి మనకొద్దు. నేనే ఓనరుగారికి ఫోన్ చేసి, కొంచెం కొంచెం ఇస్తామని బతిమాలుకుంటా."

"ఆయనకి ఫోన్ చెయ్యొద్దు!" అన్నాడు గిరిబాబు గబుక్కున. "మంచి కోపం మీదుండాడు. నా చేతికిస్తే నేను సర్దుబాటు చేస్తాలే."

గణేష్ చెయ్యి విడిపించుకున్నాడు. వల ఎత్తుకుని బయటికి నడిచాడు. దాన్ని వచ్చినకాడికి అమ్మేసి, తక్కువపడినదానికి స్వర్ణ కమ్మలు తాకట్టు పెట్టి, మధ్యాహ్నానికల్లా డబ్బు తెచ్చాడు.

నోట్లు గిరిబాబు చేతిలో పెడుతూ స్వర్ణ కళ్ళు ఒత్తుకుంది. "నా వల్ల నీకు మాటొచ్చింది గదన్నా. ఓనరు నీ జీతంలో కొయ్యకుండా చూసుకో."

గిరిబాబు నోట్లు లెక్కైనా పెట్టలేదు. డబ్బు జేబులో కుక్కుకుని బండెక్కాడు.

మర్నాడు రేవుకి వెళ్ళి చూశాడు. గణేష్ ఇంకొకరి బోటులో కూలికి ఎక్కుతున్నాడు. హమ్మయ్య, ఇప్పటికి కడుపు చల్లబడింది అనుకున్నాడు. ఎక్కడ! బోసి చెవులతో స్వర్ణ సద్దిగిన్నె పట్టుకుని వచ్చింది. గణేష్ ఆమె చెవిలో ఏదో అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. రెండేళ్ళలో ఒక్కనాడన్నా గిరిబాబు మాటకి అలా నవ్విందా? వల పోయినా, కమ్మలు పోయినా, ఆ నవ్వు మాత్రం వాడికే. అసూయతో అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

షెడ్డు ఓనరు స్వర్ణకి ఇవ్వాల్సిందంతా ఆమె మానేసిన రోజే అణాపైసలతో సహా ఇచ్చేశాడు. ఆ తర్వాత నాలుగు నెలలూ శనివారం శనివారం ఆమెకి వెళ్ళింది గిరిబాబు సొంత జీతం.