ఫహాద్ తీసిన రాయి

పంజాగుట్టలోని నూరీన్ ఇంటికి అభిలాష్ ఒక పచ్చటి రాయి తెచ్చాడు. లద్దాఖ్ కొండచరియ మీద, తనతో రాళ్ల పరిశోధనకు వచ్చిన ఆమె భర్త ఫహాద్ కొట్టి తీసిన ఆఖరి రాయి అది. ఆ రోజే అతను లోయలోకి జారిపడి చనిపోయాడు.

“భూమి కడుపుల ఉండే రాయి, భాభీ. మన ఖండం పోయి ఆసియాను గుద్దుకుంటే పైకొచ్చింది. దీని మీదనే నాకు డాక్టరేట్ వచ్చింది.”

నూరీన్ రాయిని గుండెకు హత్తుకుని ఏడ్చింది. “నువ్వుండబట్టి ఆయన గుర్తు ఇంటికొచ్చింది, భయ్యా. ఆయన లోయల పడితే గీ రాయి ఎట్ల దక్కింది?”



“తాడు ఒక్కటే ఉండె, భాభీ. ‘కాళ్ల కింద మట్టి జారుతున్నది, జల్దీ లాగు’ అన్నడు భాయ్. నేనే, ముందు రాయి కట్టి పంపుమన్న.”