రూటర్లో దొరికిన పేరు

“నా రూటర్లో నీ పేరెందుకుందమ్మా?”

రామచంద్రమూర్తి గారు ఆ మాట మెట్ల దగ్గర నిలబడి వీధంతా వినేలా అడిగారు. ఆయన చేతిలో కొడుకు సాయికౌశిక్ ఫోను. నిన్న సాయంత్రం నెట్ ఆగి ఆగి వస్తుంటే విసుగొచ్చి ఆ ఫోన్ తీసి అందులో రూటర్ యాప్ చూశారు. తమ రూటర్ బొమ్మ, దాని కింద ‘సైమా హోమ్, కనెక్టెడ్’ అని పచ్చటి అక్షరాలు. ఇంకేం కావాలి?

సైమా మేడ మీద పోర్షన్లో అద్దెకుంటోంది. రాజధాని పనులు చేసే ఓ కంపెనీకి ఇంట్లోనే కూర్చుని డ్రాయింగులు వేస్తుంది.

“నాకు సొంత కనెక్షన్ ఉంది మాస్టారూ. మీ నెట్ నాకెందుకు?”

“నేనడిగేదీ అదే. నెలనెలా బిల్లు డబ్బులు నా చేత్తో మా కౌశిక్‌కిస్తున్నా. కట్టేది నేను, వాడుకునేది నువ్వా?”

“కౌశిక్, నువ్వైనా చెప్పు. నా రూటర్ బిగించి పాస్‌వర్డ్ పెట్టింది నువ్వేగా?”

కౌశిక్ గోడ సున్నం గోకుతూ నిలబడ్డాడు. “పోనీలే నాన్నా. ఆవిణ్ణి ఉండనివ్వు.”

వాడిది వెన్నలాంటి మనసు, తల్లి పోలిక. కానీ మూర్తి గారు జీవితమంతా పిల్లలకు నీతి పద్యాలు చెప్పిన మనిషి. రిటైరైనా ఊరుకోక ఇప్పుడు ఆన్‌లైన్లో చెబుతున్నారు. దొంగను ఇంట్లో పెట్టుకుని ఏ ముఖంతో చెబుతారు?

“ఆదివారానికల్లా ఖాళీ చెయ్యి.”

“తుళ్లూరులో ఇప్పుడు ఒంటరిదానికి ఇల్లెవరిస్తారు మాస్టారూ? ఎందుకు ఖాళీ చేశావని అడిగితే ఏం చెప్పను?”

“చేసిందే చెప్పు.”

అన్నాక ఆయనకే కలుక్కుమంది. పరుల సొమ్ము మీద ఓ పద్యం మనసులో చదువుకుని సర్దుకున్నారు.

ఆదివారం సాయంత్రం ట్రాలీ ఆటో వచ్చింది. మంచం, గ్యాస్ స్టవ్, కంప్యూటర్ ఒక్కొక్కటే మేడ దిగాయి. ఎదురింటి అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తున్న పిచ్చమ్మ, “చదువుకున్న పిల్ల! ఇదేం బుద్ధే తల్లీ!” అని బుగ్గలు నొక్కుకుంది. సైమా తలెత్తలేదు.

కింద మూర్తి గారి భార్య దుర్గాంబ ఆయన క్లాసు కోసం లాప్‌టాప్ తెరిచి, అప్పుడే వచ్చిన పిల్లల్ని పలకరిస్తోంది. ఆయన మాత్రం మేడ మీదే కాపలా ఉన్నారు, పోతూ పోతూ ఏ ఫ్యానో ఊడబెరుక్కుపోతుందేమోనని. చివరికి గోడ మీద సైమా రూటర్ ఒక్కటే మిగిలింది. ఆమె దాని వైపు చెయ్యి చాపింది.

కౌశిక్ రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. “ఆగు నాన్నా! నీ క్లాసయ్యాక తీద్దాం!”

“నా క్లాసుకీ దీనికీ ఏంట్రా సంబంధం?”

మూర్తి గారే ప్లగ్ పీకి, ఆ డబ్బా తెచ్చి సైమా చేతిలో పెట్టారు. “ఇదిగో. ఎవరి సొమ్ము వాళ్లు తినాలమ్మా. ఇకనైనా నేర్చుకో.”

కింద నుంచి దుర్గాంబ కేక వినిపించింది. “ఏమండీ! పిల్లలంతా మాయమైపోయారు! మన నెట్ పోయింది!”

కౌశిక్ తల దించుకున్నాడు.

“మనకి నెట్ వచ్చేది అందులోంచే నాన్నా.”