ఆరో పాఠం

స్టీలు డబ్బా కౌంటరు మీద ఠంగుమని పడింది. మూత ఊడి నాలుగైదు తెల్లటి మాత్రలు అద్దం మీద దొర్లాయి.

"మా అమ్మను చంపింది మీ మందులే," అంది క్రిస్టినా.

మందుల షాపు లక్ష్మీకాంత్ చేతిలోని చీటీ పక్కన పెట్టాడు. కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళు కాస్త వెనక్కి జరిగారు. గవర్నర్‌పేట సందులో వెళ్తున్న ఆటో ఒకటి ఆగింది.

"అమలమ్మ గారా? ఎప్పుడమ్మా?"

"నిన్ననే భూస్థాపన అయింది."

ఆమె వెనకే వచ్చిన బాబాయి కొడుకు డేనియల్ ముందుకు తోసుకొచ్చాడు. "పెద్దమ్మ గుండెలో వేసిన స్టెంటు మూసుకుపోయిందండీ. రక్తం పలచబడే మాత్ర సరిగ్గా పడుంటే ఇంత తొందరగా మూసుకుపోదని డాక్టరు గారే అన్నారు."

"వేసుకోవడం మానేశారేమో..."

"మానేసిందా?" క్రిస్టినా గొంతు పెరిగింది. "రోజూ పొద్దున నా చేత్తో ఇచ్చానండీ. నోట్లో వేసుకుని నీళ్ళు తాగేదాకా పక్కనే నిలబడ్డాను. ఒక్కరోజు తప్పలేదు. ఇంక తప్పు ఎక్కడున్నట్టు? మీరమ్మిన మాత్రలోనే."

"అన్నీ నకిలీలేనమ్మా ఈ రోజుల్లో," అన్నాడు ఆటోలోంచి ఒకాయన.

"మీరెక్కడికో వెళ్తున్నారుగా, వెళ్ళండి సార్," అన్నాడు లక్ష్మీకాంత్.

ఆయన వెళ్ళలేదు. ఆటో కూడా కదల్లేదు.

"కేసు పెడదాం అక్కా," అన్నాడు డేనియల్. అంతటితో ఊరుకోక ఆమె వైపు తిరిగాడు. "నిన్ను కూడా అనాలి. చిన్న వ్యాపారం ఎలా పెట్టాలంటూ రోజంతా ఆ ఫోను పాఠాలే. ఆ సారు అరుపులకి ఇల్లు బడి అయిపోయింది. ఎప్పుడన్నా పెద్దమ్మ మొహం చూశావా నువ్వు?"

"ఇళ్ళకి పుల్కాలు చేసిస్తుంటే నా చేతులు పిండిలో ఉంటాయి. చెవులు ఖాళీయే కదా అని పెట్టుకునేదాన్నిరా. ఆ పుల్కాల బండి ఎవరి కోసం? అమ్మ కోసం కాదూ? తనూ మంచం మీంచి వినేది. నాకంటే శ్రద్ధగా వినేది. ఆరో పాఠం మళ్ళీ పెట్టవే అని అడిగి మరీ పెట్టించుకుంది. ఈ వయసులో నీకెందుకమ్మా వ్యాపారం అని నేను ఎగతాళి చేస్తే నవ్వింది." క్రిస్టినా కొంగుతో ముక్కు తుడుచుకుంది. "చర్చిలో స్త్రీల సమాజాన్ని అడిగి పెద్ద పెనం ఇప్పించింది కూడా అమ్మే. వచ్చే ఆదివారం పాస్టరు గారితో ప్రార్థన చేయించి, బెంజ్ సర్కిల్ దగ్గర బండి పెడదామనుకున్నాం."

లక్ష్మీకాంత్ ఈ మాటలు వింటున్నట్టు లేడు. అద్దం మీది మాత్ర ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూశాడు.

"రోజూ ఇచ్చింది ఇదేనా?"

"అదే."

"నేను నీకిచ్చేది స్ట్రిప్పులు కదమ్మా. విడి మాత్రలు డబ్బాలోకి ఎలా వచ్చాయి?"

"అమ్మే పోసేది. పొద్దున్నే పిండి చేతుల్తో నువ్వేం చింపుతావులే అని, నేను తేగానే తీసుకుని అన్నీ ఒలిచి డబ్బాలో పెట్టేది."

అతను లేచి వెనక అలమరలోంచి ఒక స్ట్రిప్పు తెచ్చాడు. డబ్బా పక్కన పెట్టాడు. అందులో మాత్రలు గులాబీ రంగులో ఉన్నాయి.

"నేనమ్మింది ఇదమ్మా. నీ డబ్బాలోవి కాల్షియం బిళ్ళలు. ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు."

క్రిస్టినా రెండింటినీ మార్చి మార్చి చూసింది. "రంగు మారిందేంటని అడిగానండీ. కంపెనీ మారిందంటలే అంది అమ్మ."

"మరి మా అక్క కొన్నవి ఏమైనట్టు?" అన్నాడు డేనియల్. ఇప్పుడు అతని గొంతులో ఇందాకటి ఊపు లేదు.

"నా దగ్గరికే తిరిగొచ్చాయి బాబూ. కొయ్యని స్ట్రిప్పులైతే మేం వెనక్కి తీసుకుంటాం. అమలమ్మ గారు గోడ పట్టుకుని, ఆగి ఆగి నడిచొచ్చేవారు. డాక్టరు మందు మార్చాడంటే నిజమే అనుకున్నాను. డబ్బులు తీసుకుని తిన్నగా ఆ ఎదురు షాపుకి వెళ్ళేవారు."

క్రిస్టినా తల తిప్పింది. ఎదురుగా హోటలు సామాన్ల షాపు. గుమ్మం పక్కన గోడకు వరసగా ఆనించిన ఇనప పెనాలు ఎండకు మెరుస్తున్నాయి.

"స్త్రీల సమాజం వాళ్ళు..." అంది. 

ఆటోలో ఆయన డ్రైవరు భుజం తట్టాడు. ఆటో నెమ్మదిగా వెళ్ళిపోయింది.

"తర్వాత నెల కూడా అవే తెచ్చారు," అన్నాడు లక్ష్మీకాంత్, కౌంటరు వైపే చూస్తూ. "అప్పుడడిగాను, ఎందుకండీ ఇలా తిరిగిచ్చేస్తున్నారని. ఆవిడ నవ్వుతూ చెప్పారు. హాస్యానికి అంటున్నారనుకుని నేనూ నవ్వేశాను. అప్పుడైనా నీ చెవిన వెయ్యాల్సింది తల్లీ."

"ఏం చెప్పింది?" అంది క్రిస్టినా.

"'రాబడి తేని ఖర్చు ఇంట్లో ఏదుందో వెతికి ముందు దాన్ని ఆపెయ్యాలని మా పాప ఫోనులో సారు చెప్పాడు బాబూ, ఇల్లంతా వెతికితే నేనే కనపడ్డాను' అన్నారమ్మా."