అత్తగారి పిడికిలి

పేరిందేవికి మొగుడితో ఉన్న పేచీ ఒక్కటే. కోదండం ఇంట్లో ప్రతి యంత్రం మాటా వింటాడు, పెళ్లాం మాట తప్ప.

లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ లేకుండా తణుకులో బజ్జీల బండి కూడా నడవని రోజులవి. వాళ్ల పచ్చళ్ల వ్యాపారానికీ ఒకటి ఎంచుకోవాలి. చిక్కల్లా పచ్చళ్ల కొలతలన్నీ దాచుకున్న వంటింటి సిస్టమ్‌తోనే; కొత్తది దాంతో కలిసి పనిచేయాలి. పోయిన అత్తగారు పాతికేళ్లు దగ్గరుండి దానికి పని నేర్పింది. ఆవిడ ఉప్పును పిడికిళ్లలోనే చెప్పేది. మామిడికాయలో నీరెక్కువుంటే ఆ పిడికిలి పెద్దదయ్యేది.

కోదండం తెచ్చిన సాఫ్ట్‌వేర్ మొదటిరోజే పేచీ పెట్టింది. "పిడికెడుకు ఒకే తూకం లేదు. ఉప్పు దుబారా అవుతోంది. సరిచేయమంటారా?"

"వద్దండీ, అది అత్తయ్య చెయ్యి" అంది పేరిందేవి.

"నీకు తెలీదులే. లెక్కంటే లెక్కే" అంటూ ఆయన సరేననేశాడు. సిస్టమ్‌లోని పాత కొలతలన్నీ చెరిగిపోయి, పిడికెడంటే యాభై గ్రాములని ఖాయమైపోయింది.

ఆ ఏడు వచ్చిందంతా నీటికాయే. శ్రావణానికల్లా నలభై జాడీల ఆవకాయ బూజు పట్టింది. పాత కొలతల కోసం వెతికితే, సిస్టమ్‌లో అత్తగారి పిడికిలి ఒక్కటీ మిగల్లేదు.

పేరిందేవి ఆ సాఫ్ట్‌వేర్ తీసేసి ఇంకోదాన్ని పెట్టించి, "ఉప్పు, పిడికెడు" అంది.

"ఎవరి పిడికిలండీ?" అనడిగింది అది.

"ఇదే ఉంచుదామండీ" అని మొగుడితో అని, పేరిందేవి అన్నేళ్లు అత్తగారి పక్కన నిలబడ్డ తన చేతిని ఉప్పులో పెట్టింది.

కోదండం ఆ చేతినే చూస్తూ ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పండి, ఇది రాసుకోవాలి" అంది పేరిందేవి, సాఫ్ట్‌వేర్‌ని చూపిస్తూ.

ఆయన ఈసారి గట్టిగానే అన్నాడు. "తప్పు నాదే పేరీ. అమ్మ చేతిని నేనే తుడిచేశాను."