మందువేరు

ఒక గుట్ట మీద ముంగిసలు ఉండేవి. పాము కాటుకు మందైన వేరును తవ్వి తెచ్చి, పిల్లల కోసం ఒక బొరియలో దాచడం వాటి కట్టుబాటు. వాటి దొర అయిన పెద్ద ముంగిస ఆ వేర్లన్నీ సైన్యానికిచ్చి, ఎన్నడూ తమ జోలికి రాని పక్క గుట్ట పాముల మీదికి పంపింది. తరిమితే పాములు ఎక్కడికి పోతాయి? ఈ గుట్ట బొరియల్లోనే దూరాయి. ఒక పాము ఓ తల్లి ముంగిస బిడ్డను కాటేసింది.

"దొరా, ఒక్క వేరు ముక్క ఇప్పించండి!" అంటూ తల్లి పరుగెత్తుకొచ్చింది.

"ఒక్కటీ మిగల్లేదమ్మా. అయినా ఈ యుద్ధం నీ బిడ్డ కోసమే కదా!" అంది పెద్ద ముంగిస.

"బిడ్డే పోతే ఇంకెవరి కోసం దొరా?"

"పిరికి మాటలు మాట్లాడకు. గెలుస్తున్నాం."

తల్లి తిరిగొచ్చేసరికి బిడ్డ ఒళ్లు చల్లబడింది. సాయంత్రం, "గెలిచాం, నువ్వూ వచ్చి జే కొట్టు" అని కబురొచ్చింది. ఆమె కాటు పడిన చోటును నాకుతూనే ఉంది.