నువ్వు తెరువు

"తప్పైందని నీ కొడుకుతో ఒప్పించి సంతకం పెట్టించు. కేసు తేలిగ్గా పోతుంది" అన్నాడు ఠాణాలో ఎస్సై.

"చెయ్యని తప్పు ఎందుకొప్పుకోవాలె?" అని కిష్టమ్మ బయటికొచ్చేసింది.

తెలంగాణ ఊరేగింపు రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ దుకాణం అద్దాలు పగిలాయి. రాయి విసిరింది ఆమె కొడుకు జగనేనని మర్నాడు పట్టుకెళ్లి జైల్లో వేశారు.

ఆ ఊరేగింపును జగన్ స్నేహితులు కెమెరాతో తీశారు. ఆ సాయంత్రమే వీడియోను జగన్ కంప్యూటర్‌లోకి ఎక్కించి, కెమెరా ఖాళీ చేసుకున్నారు. ఆ కంప్యూటరేమో పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోదు. ఈమధ్యే దాన్ని మార్చిన జగన్‌కు, జైలుకు ములాఖత్‌కెళ్లిన చెల్లెలు మౌనిక ఎంత అడిగినా గుర్తుకు రాలేదు.

మౌనిక కంప్యూటర్ షాపులన్నీ తిరిగింది. కేసు సంగతి వినగానే అందరూ వెనక్కి తగ్గారు.

మర్నాడు కర్మన్‌ఘాట్‌లో వాళ్ల ఇంటికి ఒక నడివయసు మనిషి వచ్చాడు. కంప్యూటర్లు బాగుచేస్తానని, మౌనిక అడుగుతుంటే విన్నానని చెప్పాడు.

ఏ ఊరని అడిగింది కిష్టమ్మ. గుంటూరన్నాడు.

ఆమె మొహం మారిపోయింది. మీ ఆంధ్రోళ్ల దుకాణాల కోసమే నా కొడుకును లోపలేసిండ్రని అనేసింది. కూర్చోమని కూడా అనలేదు.

ఆయన సంచిలోంచి ఓ సీడీ తీసి కంప్యూటర్‌లో పెట్టాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. పాస్‌వర్డ్ ఒక్కటే పోతుందని, మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉంటాయని మౌనికకు చెప్పాడు.

చివరి మీట నొక్కబోయి ఆగాడు.

"అమ్మా, ఇందులో మీ అబ్బాయే రాయి విసురుతూ కనిపిస్తే?"

"కనిపిస్తే జైల్లనే ఉండనియ్. నువ్వు తెరువు."

ఆయన ఆమె వైపు ఓ క్షణం చూసి, మీట నొక్కాడు.

వీడియోలో జగన్ రెండు చేతులతో జెండా పట్టుకుని ముందు వరసలో నడుస్తున్నాడు. వెనకనుంచి ఎవరో విసిరిన రాళ్లు దుకాణం మీద పడ్డాయి. అద్దాలు పగిలాక కూడా జగన్ చేతులు జెండా మీదే ఉన్నాయి.

ఆయన మళ్లీ మొదటినుంచి చూశాడు. తర్వాత సీడీలోకి కాపీ చేసి, వకీలుకు ఇవ్వమని చెప్పి వెళ్లిపోయాడు.

పేరైనా అడగలేదని మౌనిక నొచ్చుకుంది.

"ఆంధ్రాయన పేరు మనకెందుకు?" అంది కిష్టమ్మ.

ఎల్బీనగర్ కోర్టులో విచారణ రోజు బంద్. బస్సుల్లేవు. తల్లీకూతుళ్లు నడిచి చేరేసరికి అంతా అయిపోయింది. వకీలు సూర్యప్రభ వరండాలో ఎదురొచ్చి, జగన్‌కు బెయిలొచ్చిందని చెప్పింది.

"వీడియో చూసిండ్రా మేడం?"

"చూశారు. అంతకన్నా అద్దాలు పగిలిన దుకాణదారు మాట పనిచేసింది. జగన్ పేరే చెప్పమని పోలీసులూ, బజారు వాళ్లూ ఎంత ఒత్తిడి తెచ్చినా ఆయన లొంగలేదు. చెయ్యని పిల్లాడి పేరు చెప్పనని జడ్జి ముందే అనేశాడు."

ఆయనకు దండం పెట్టుకోవాలంది కిష్టమ్మ.

"ఇప్పుడే వెళ్లిపోయాడు. గంగాధరరావని, దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ల షాపు. మీ ఇంటికొచ్చి ఆ వీడియో తీసిచ్చింది కూడా ఆయనేనట కదమ్మా."